బానిస జీవుల కథకుడు లవ్‌క్రాఫ్ట్
అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ 1890 ఆగస్టు 20న రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ వేర్వేరు కాలాల్లో అదే నగరంలోని మానసిక చికిత్సాలయంలో కన్నుమూశారు. ఇతరుల రచనలు సరిదిద్దుతూ, అరకొర రాబడితో ఆయన జీవితం సాగింది.

1931లో రాసిన ‘ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ ఆయన రచనల్లో శిఖరప్రాయం. అంటార్కిటికా పర్వతాల ఆవల అన్వేషకులకు ఒక మహానగర శిథిలాలు కనిపిస్తాయి. మనిషి పుట్టకమునుపే నక్షత్రాల నుంచి దిగివచ్చిన జాతి కట్టిన నగరమది. బరువులు మోసేందుకు, భవనాలు లేపేందుకు ఆ జాతి జీవపదార్థాన్ని మలచి షాగ్గోత్‌లనే బానిసలను సృష్టించింది. మానవుడితో సహా భూమిపై జీవకోటి సమస్తం ఆ ప్రయోగశాల నుంచి జారిపడి పరిణమించినదే. కాలక్రమంలో బానిసలకు బుద్ధి వికసించింది, తిరుగుబాటు చేశాయి. డీఎన్ఏ నిర్మాణం వెల్లడి కావడానికి 22 ఏళ్ల ముందటి ఊహ ఇది.

అయితే కథలో జాలి దక్కింది యజమానులకే. నల్లజాతీయులను, వలసదారులను లవ్‌క్రాఫ్ట్ ఎంతగా ద్వేషించారో ఆయన లేఖలే చెబుతాయి. షాగ్గోత్‌ల పట్ల కథలోని భీతిని ఆ ద్వేషం నుంచి విడదీసి చదవడం కష్టం.

‘వీర్డ్ టేల్స్’ పత్రిక ఈ రచనను తిరస్కరించింది. 1936లో ‘అస్టౌండింగ్ స్టోరీస్’ కత్తిరింపులతో ప్రచురించడం ఆయనను తీవ్రంగా బాధించింది. మరుసటి ఏడాది మార్చి 15న, 46 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో మరణించారు. ఆయన కథల్లో చాలావాటిని కలిపి పెద్ద సంపుటిగా మిత్రులు అచ్చువేసింది 1939లో.