గుడియాత్తం ఎన్నుకొన్న కామరాజ నాడారుగారు

వెల్లూరు, గుడియాత్తం ప్రాంతాల ఆంధ్ర సోదరులకు కీ.శే. కామరాజ నాడారుగారు పరాయి నాయకులు కారు. 1940లో ప్రభుత్వం వారిని నిర్బంధించి ఉంచినది వెల్లూరు జైలులోనే. ఇక్కడ ఖైదులో ఉండగానే 1941లో విరుదునగరం పురపాలక సంఘాధ్యక్షులుగా ఎన్నికైనారు. విడుదల కాగానే ఆ పదవిని వదులుకొన్నారు. 1954 ఏప్రిలులో ముఖ్యమంత్రి అయ్యేనాటికి వారికి శాసనసభలో స్థానం లేదు. గుడియాత్తం ఉపఎన్నికలో నిలిచి, కమ్యూనిస్టు అభ్యర్థిపై గెలిచి సభకు వెళ్లారు.

వారు 1903 జూలై 15న విరుదునగరంలో జన్మించారు. తండ్రి కొబ్బరికాయల వర్తకులు. ఆరేళ్లకే తండ్రి పోగా, పన్నెండేళ్ల ప్రాయానికి చదువు మాని మేనమామగారి బట్టల కొట్టులో చేరవలసి వచ్చింది. మా వంటి మెట్రిక్యులేషను గుమాస్తాలు సైతం వారికంటె ఎక్కువ చదివినవారమే గదా!

1953లో రాజాజీగారు పెట్టిన పద్ధతి ప్రకారం చిన్న తరగతుల పిల్లలు సగం పూట బడికి, సగం పూట కులవృత్తికి పోవలెను. గుడియాత్తం వంటి మగ్గాల ఊళ్లో దీని అర్థమేమిటో విప్పి చెప్పనక్కరలేదు. సాలెవాని కొడుకు సాలెవాడుగానే ఉండిపోవును. కామరాజుగారు వచ్చిన ఏడాదే దానిని ఎత్తివేశారు. 1956 నుండి బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించారు. విద్యాశాఖ డైరెక్టరు సుందరవడివేలుగారు ఊరూరా విరాళాలు కూడబెట్టి ఆ పనిని నిలబెట్టారు. ఆకలి తీరనిదే అక్షరం ఎక్కదని వారిద్దరూ ఎరుగుదురు.

అయితే ఆ అన్నం బడికి వచ్చిన పిల్లలకే. బడి యీడు రాని తమ్ముణ్ణి చంకనెత్తుకొని ఇంటనే ఉండిపోయిన అక్క మాటేమిటి? ఆమెకు అన్నమూ లేదు, చదువూ లేదు. పసిపిల్లల బడి ఒకటి ఉంటే ఇద్దరూ బాగుపడతారు.

1963 అక్టోబరు 2న కామరాజుగారు పార్టీ పనికై ముఖ్యమంత్రి పదవి వదిలారు. 1975లో అదే తేదీన కన్నుమూశారు. ఆనాడే దేశంలో 33 చోట్ల అంగన్‌వాడీల పథకం ఆరంభమైంది. 1982లో ఎం.జి.ఆర్. గారు గ్రామాలలో రెండేళ్లు నిండిన పసివారికి కూడ భోజనం ఏర్పరచారు.

పసితనపు బడి ఆటలకే గదా అనే పెద్దలు మనలో కొందరున్నారు. అమెరికాలో ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962 మొదలు 123 మంది పేద పిల్లలను నలభయ్యవ ఏటి వరకు గమనించి చూశారు. పసితనంలో బడికి వెళ్లినవారిలో చదువు పూర్తిచేసినవారు, సంపాదనపరులు ఎక్కువ, జైలుకు పోయినవారు తక్కువ.

మనకు మరొక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 2006 చట్టం తరువాత తమిళం తప్పనిసరి. మూడేళ్ల నాడే అంగన్‌వాడీలో తోటి పిల్లలతో ఆడుకొన్న బిడ్డకు ఒకటవ తరగతిలో అయ్యవారి మాట కొత్తగా ఉండదు. అట్లని ఇంట తెలుగు మానివేయనక్కరలేదు. మన సభ్యుల ఇళ్లలో మూడు నిండిన పిల్లలెందరో ఈ ఉగాదికి లెక్క వేసి, వారిని పంపే ఏర్పాటు చూడవలెనని కోరుతున్నాము.