మెదడు కణాలను గీసి చూపించిన రామోన్ కహాల్

తిరుమలగిరి లాల్‌బజార్‌లో మాకు తెలిసిన ఒక ఇంట్లో దాదీకి అల్జీమర్స్. మనవళ్ల పేర్లు కూడా మర్చిపోతున్నారు. చచ్చిపోయిన మెదడు కణాలు మళ్లీ పుడతాయని ఎవరో టానిక్ అమ్ముతున్నారట, కొనొచ్చా భాయ్ అని మనవడు నన్నడిగాడు. నేను బీకాం చదివినోణ్ణి, డాక్టర్‌ను కాదు. కానీ ఈ ప్రశ్న దగ్గర అందరూ తలుచుకునే పెద్దాయన ఒకరున్నారు.

శాంటియాగో రామోన్ ఇ కహాల్ 1852లో స్పెయిన్‌లోని ఒక పల్లెలో పుట్టారు. తండ్రి వైద్యుడు. పిల్లాడికేమో బొమ్మల పిచ్చి, దానికి తోడు అల్లరి. పదకొండేళ్లకే సొంతంగా చేసిన ఫిరంగితో పొరుగువాళ్ల గేటు పేల్చేసి జైలుకెళ్లాడు! దారికొస్తాడని తండ్రి మంగలి దగ్గర, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర పనికి పెట్టారు. లాభం లేకపోయింది. చివరికి శ్మశానంలో దొరికిన ఎముకలు చూపించి గీయమన్నారు. అక్కడ కుదిరింది.

డాక్టరై, సైన్యంతో క్యూబా వెళ్లి మలేరియా తెచ్చుకున్నారు. 1887లో ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ కనిపెట్టిన వెండి రసాయన పద్ధతిని చూశారు. దాంతో కొన్ని కణాలు మాత్రమే నల్లగా, స్పష్టంగా కనిపిస్తాయి. మెదడంతా ఒకటే వల అని గోల్జీ నమ్మకం. ఏ కణానికి ఆ కణం విడిగానే ఉంటుందని కహాల్ గీసి చూపించారు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. గోల్జీ మాత్రం తన నోబెల్ ప్రసంగంలోనూ కహాల్ మాట ఒప్పుకోలేదు.

1913-14లో వచ్చిన పుస్తకంలో కహాల్, పెద్దవాళ్ల మెదడులో కణాలు చనిపోవడమే గానీ మళ్లీ పుట్టవని రాశారు. వీలైతే దీన్ని మార్చడం రేపటి సైన్సు పని అని కూడా రాశారు. లోకం మొదటి మాటే పట్టుకుంది. 1934లో ఆయన మాడ్రిడ్‌లో కన్నుమూశారు.

1965లో అమెరికాలో జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ ఎలుకల్లో పుట్టుక తర్వాత కూడా కొత్త మెదడు కణాలు వస్తున్నాయని చూపించినా, చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1998లో మనుషుల్లోనూ కనిపించాయన్నారు. 2018లో ఇంకో బృందం, పెద్దవాళ్లలో అలాంటివి కనిపించలేదంది. 2019లో కహాల్ ఉన్న మాడ్రిడ్ నుంచే మరో నివేదిక వచ్చింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో 87 ఏళ్ల మనిషికి కూడా కొత్త కణాలు ఉన్నాయట. అల్జీమర్స్ వచ్చినవాళ్లలో మాత్రం బాగా తగ్గిపోయాయట. ఈ వాదన ఇంకా తేలలేదు.

ఆ కణాలను పెంచి అల్జీమర్స్ నయం చేసే మందైతే ఈరోజుకి లేదు. టానిక్ కొనొద్దు, దాదీని న్యూరాలజిస్ట్‌కే చూపించమని ఆ అబ్బాయికి చెప్పాను.