ఇండక్టర్ మీద హెచ్ ఎవరిది?

నేను సీఎస్‌ఈ. ఈఈఈ ఫ్రెండ్స్ ప్రాజెక్టుకి కోడ్ రాయడానికి వెళ్లాను. బ్యాటరీని చార్జ్ చేసి, కావాలంటే దాంట్లోంచే కరెంటు వెనక్కి తెచ్చే బైడైరెక్షనల్ బక్-బూస్ట్ కన్వర్టర్ అది. 50 వాట్ల దగ్గర బాగానే నడిచింది. 500కి పెంచుదామని చూస్తే ఇండక్టర్ కోర్ సాచురేట్ అయింది, కరెంటు ఒక్కసారిగా ఎగిసింది, రెండు మాస్‌ఫెట్లు టప్పున పేలాయి. ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని, ఇండక్టెన్స్‌ని కొలిచే ఈ హెన్రీ అసలు ఎవరా అని చదివాను.

జోసెఫ్ హెన్రీ 1797లో అమెరికాలోని ఆల్బనీలో పేద ఇంట్లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. 13 ఏళ్లకే గడియారాల పనికి చేరాడు. తర్వాత ఆల్బనీ అకాడమీలో ఫీజు లేకుండా చదువుకుని, 1826లో అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు.

అప్పటికి ఇంగ్లండులో స్టర్జన్ చేసిన విద్యుదయస్కాంతం 4 కిలోలు ఎత్తేది. అందులో తీగ మీద ఏ తొడుగూ లేదు, అందుకే చుట్లు దూరదూరంగా ఉండేవి. హెన్రీ తీగకి పట్టుగుడ్డ చుట్టి, వరస మీద వరస వేశాడు. ఒకే సెల్ వాడినప్పుడు ఒక్క పొడుగాటి తీగ కంటే చాలా చిన్న కాయిల్స్‌ని పారలల్‌లో కలిపితే బలం ఎక్కువని గమనించాడు. 1831లో యేల్ కాలేజీకి చేసిన అయస్కాంతం 900 కిలోలకు పైగా ఎత్తింది! నాకు వెంటనే మా గైడ్ చెప్పిన ఇంటర్‌లీవింగ్ గుర్తొచ్చింది. కరెంటంతా ఒక్క ఇండక్టర్ మీద వేయకుండా నాలుగింటికి పంచడం.

కానీ హెన్రీకి ఏడాదంతా పాఠాలే. ప్రయోగాలకు సెలవులే దొరికేవి. ఇండక్షన్ మీద పని చేస్తూ కూడా రాయడం వాయిదా వేశాడు. ఈలోపు 1831లో లండన్‌లో ఫారడే ప్రకటించేశాడు. హెన్రీ పేపర్ 1832లో వచ్చింది. పేరు ఫారడేకి వెళ్లింది. అయితే అదే పేపర్లో ఇంకోటి ఉంది: పొడుగాటి తీగలో కరెంటు ఆపగానే నిప్పురవ్వ ఎగరడం. అదే సెల్ఫ్ ఇండక్షన్. మా కన్వర్టర్ నడిచేది దాని మీదే.

1846 నుంచి 1878లో చనిపోయేదాకా స్మిత్సోనియన్ సంస్థకి మొదటి కార్యదర్శిగా ఉన్నాడు. తన పరిశోధనలకు పేటెంట్ తీసుకోలేదు. 1893లో చికాగోలో యూనిట్‌కి ఆయన పేరు పెట్టారు.

మా కొత్త బోర్డు ఇప్పటికి 300 వాట్ల దాకా వచ్చింది. పేలిన మాస్‌ఫెట్ల ఫొటోలతో సహా రీడింగులన్నీ ఏ రోజువి ఆ రోజే రాసి పెడుతున్నాం. సెమిస్టర్ అయ్యాక చూద్దాంలే అనట్లేదు.