తలపాగాతో గగనవిహారము : సర్దార్ హర్దిత్ సింగ్ మాలిక్ జీవితము

స్వదేశమున, స్వజనుల నడుమ ఆచారమును పాటించుట సులభము. ఇంట తల్లి కనిపెట్టియుండును. వెలుపల పెద్దల భయముండును. కాని పరదేశమున, అధికారమంతయు అన్యుల చేతిలోనున్నపుడు, లేత వయస్సులో ఒంటరిగా నిలిచి స్వధర్మమును కాపాడుకొనుట సామాన్యమైన విషయము కాదు. అట్టి పరీక్షలో నెగ్గిన ధన్యులలో సర్దార్ హర్దిత్ సింగ్ మాలిక్ ఒకరు. వీరు యుద్ధవిమాన చోదకులు, ఉన్నతోద్యోగి, సంస్థానమున ప్రధానమంత్రి, స్వతంత్ర భారతమునకు రాయబారి. ఇన్ని పదవులలోను వీరు తలపాగా విడువని సిక్కుగనే జీవించిరి.

మాలిక్ గారు 1894వ సంవత్సరము నవంబరు 23వ తేదీన, నేడు పాకిస్తానులోనున్న రావల్పిండి పట్టణమున, సంపన్న కుటుంబమున జన్మించిరి. ఆ కుటుంబమునకు మస్తువానా సంత్ అత్తర్ సింగ్ గారియందు అపారమైన గురుభక్తి. ఆ మహనీయుడు సైన్యోద్యోగమును త్యజించి, నామస్మరణమునకును విద్యాదానమునకును తన జీవితమును అంకితము చేసినవాడు. బాల్యమున నాటుకొన్న ఆ భక్తిబీజము మాలిక్ గారి జీవితమందంతటను నీడనిచ్చెను.

పదునాలుగవ యేట వీరిని చదువునిమిత్తము ఇంగ్లండునకు పంపిరి. ఈస్ట్‌బోర్నులో చదివి, 1912లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమందలి బేలియల్ కళాశాలలో చేరిరి. చదువుతోపాటు క్రికెట్టులోను, గోల్ఫులోను ఆరితేరి, 1914లో ససెక్సు జట్టు తరపున ఆడిరి. తెల్లదొరల పిల్లల నడుమ ఆ మైదానములలో కానవచ్చిన తలపాగా వీరిదే.

సిక్కులకు కేశములనిన కేవలము వెంట్రుకలు కావు. 1699వ సంవత్సరము వైశాఖీనాడు ఆనందపురమున గురు గోవింద సింగ్ ఖాల్సాను స్థాపించిరి. నాటినుండి ఖాల్సా సిక్కునకు విధియైన ఐదు చిహ్నములలో అఖండ కేశము ఒకటి. తలపాగా దానికి కవచము, గౌరవము. దానిని తీయుమనుట దీక్షను విడువుమనుటయే.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. సహాధ్యాయులందరును సైన్యమున చేరుచుండ మాలిక్ గారును ముందుకు వచ్చిరి. కాని భారతీయునకు అధికారి పదవి లేదని తిరస్కారమే లభించెను. నిరుత్సాహపడక 1916లో ఫ్రాన్సునకేగి, రెడ్‌క్రాసు సంస్థలో చేరి, క్షతగాత్రులను మోయు బండిని నడిపిరి. ఫ్రెంచి వైమానిక దళము తనను చేర్చుకొనుటకు సిద్ధముగా నున్నదని తెలిసి, ఆ సంగతిని ఆక్స్‌ఫర్డులోని తన ఉపాధ్యాయుడు అర్కర్ట్ గారికి వ్రాసిరి. మిత్రదేశమునకు పనికివచ్చిన యువకుడు బ్రిటనుకు ఎందులకు పనికిరాడని ఆ గురువు జనరల్ డేవిడ్ హెండర్సన్ గారికి లేఖ వ్రాసెను. ఫలితముగా 1917 ఏప్రిల్ మాసమున మాలిక్ గారు రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో ప్రవేశించిరి. ఆ దళమున అధికారులైన తొలి భారతీయులలో వీరొకరు.

అసలు పరీక్ష అచ్చట ఎదురయ్యెను. కవాతు మైదానమున, అందరివలె టోపీ ధరింపవలెనని శిక్షకులు ఆక్షేపించిరి. ఇది తన మతధర్మమనియు, దీనిని తీయజాలననియు మాలిక్ గారు వినయముగా, దృఢముగా విన్నవించిరి. ఎంతో ఆశపడి సాధించుకొన్న ఉద్యోగము ఆ ఒక్కమాటతో చేజారియుండవచ్చును. కాని విషయము పైవారికి చేరి, తలపాగాకు అనుమతి లభించెను. విమానమునెక్కునపుడు తలపాగాపై అమరునట్లు పెద్ద శిరస్త్రాణమును ప్రత్యేకముగా చేయించుకొనిరి. దానిని చూచి తోడివారు ఎగురు భూతమని పరిహాసముగా పేరుపెట్టిరి. మాలిక్ గారు దానికి కోపింపలేదు.

1917 జులైలో చోదక చిహ్నమును పొంది, 28వ స్క్వాడ్రన్‌తో ఫ్రాన్సునకు వెళ్ళిరి. వారి దళనాయకుడు కెనడాకు చెందిన సుప్రసిద్ధ వీరుడు విలియమ్ బార్కర్. అక్టోబరు 26వ తేదీన వాతావరణము ప్రతికూలముగా నున్నను, బార్కరుతోకూడ శత్రుభూభాగముపైకి ఎగిరిరి. జర్మను విమానములు చుట్టుముట్టెను. మాలిక్ గారి కాలిలో గుండ్లు దిగెను. రక్తము కారుచుండగా, శత్రువులు వెన్నంటి కాల్చుచుండగా, నేలకు మిక్కిలి దగ్గరగా ఎగురుచు స్వపక్షపు భూమిని చేరి కూలిరి. ఆ విమానమున నాలుగువందలకు పైగా గుండ్ల గుర్తులు లెక్కకు వచ్చినవని వీరు తమ స్వీయచరిత్రలో చెప్పుకొనిరి. కాలిలోని గుండ్లు కొన్ని జీవితాంతము అట్లే నిలిచియుండెను.

కోలుకొని ఇటలీకి వెళ్ళినపుడు మరియొక చిక్కు వచ్చెను. వారు నడపిన సాప్‌విత్ కామెల్ యంత్రమునకు కందెన ఆముదము. ఆ ఆవిరి వీరి శరీరమునకు సరిపడకపోయెను. అందుచేత ఇంగ్లండునకు మరలివచ్చి, బిగ్గిన్ హిల్ స్థావరమున బ్రిస్టల్ విమానములను నడిపిరి.

ఇచ్చట ఆస్తికులు ఒక్కక్షణము ఆలోచింపవలెను. ఆ దళమున మాలిక్ గారితోపాటు మరి ముగ్గురు భారతీయ చోదకులుండిరి. వారిలో వెలింకర్ 1918లో గాయములచే మరణించెను. పందొమ్మిదేండ్ల ఇంద్రలాల్ రాయ్ పది విజయములను సాధించి, అదే సంవత్సరము జులైలో గగనమునే నేలకొరిగెను. సేన్ బందీయయ్యెను. మరణించినవారు భక్తిహీనులనియు, బ్రతికినవాడే దైవమునకు ప్రియుడనియు తలచుట తప్పు. ఈశ్వరసంకల్పము మన లెక్కలకు అందదు. బ్రతికినవానికి మిగిలినది ఒక్కటే: లభించిన ఆయువును దైవదత్తమైన అప్పుగా భావించి, సత్కార్యములతో తీర్చుట. మాలిక్ గారి తరువాతి జీవితమును ఈ దృష్టితోనే చూడవలెను.

1919లో వీరు ప్రకాశ్ కౌర్‌ను పరిణయమాడిరి. పిదప ఇండియన్ సివిల్ సర్వీసున ప్రవేశించిరి. ఉద్యోగధర్మముగా దేశదేశములు తిరిగినను, ఆ దంపతుల దాంపత్యము దీర్ఘకాలము నిలిచెను. 1944లో పటియాలా సంస్థానమునకు ప్రధానమంత్రియైరి. 1947లో దేశవిభజన జరిగి, పుట్టిన ఊరు పరదేశమయ్యెను. తాతతండ్రుల నేలను కోల్పోయిన లక్షలాది కుటుంబములలో వీరిదియు ఒకటి. స్వతంత్ర భారతమునకు కెనడాలో హైకమిషనరుగాను, 1949 నుండి 1956 వరకు ఫ్రాన్సులో రాయబారిగాను పనిచేసిరి.

చంద్రనగరమును భారతమునకు అప్పగించు ఒప్పందముపై 1951 ఫిబ్రవరి 2వ తేదీన పారిస్‌లో మన దేశము తరపున సంతకము చేసినది వీరే. మన తెలుగువారి యానాము పుదుచ్చేరితో పాటు 1954లో భారతపాలనలోనికి వచ్చిన కాలమునను పారిస్‌లో రాయబారి వీరే. ఏ ఫ్రాన్సు గగనమున యువకుడుగా రక్తము చిందించిరో, ఆ ఫ్రాన్సులోనే స్వదేశపు భూమి యుద్ధము లేకుండ తిరిగివచ్చు కార్యమున పాలుపంచుకొనుట విధివిలాసము కాక మరేమి!

కాలిలో గుండ్లు మోయుచునే వార్ధక్యమునను గోల్ఫు ఆడిన మాలిక్ గారు, 1985 అక్టోబరు చివరి దినములలో, తొంబదియొకటవ జన్మదినమునకు కొలది దినముల ముందు, ఢిల్లీలో పరమపదించిరి. వారి స్వీయచరిత్ర మరణానంతరము ప్రకటితమయ్యెను.

మనలో యుద్ధవిమానము నడుపువారు అరుదు. కాని ఉద్యోగముకొరకో, నలుగురు నవ్వుదురనియో, నిత్యాచారమును మెల్లమెల్లగా జారవిడుచువారు అనేకులు. వారికి మాలిక్ గారి జీవితము ఒక్క పాఠము చెప్పుచున్నది. ధర్మమును కాపాడుకొనుటకు కలహమక్కరలేదు. కాదని వినయముగా చెప్పగల ధైర్యము చాలును. ఆ ధైర్యమును భగవంతుడు మనకందరకును ప్రసాదించుగాక!