అప్పు తీర్చడానికి ఆస్ట్రేలియా వచ్చిన హాస్యరచయిత

మన తెలుగువాళ్ళకి మార్క్ ట్వైన్ కొత్తవాడేం కాదు. నండూరి రామమోహనరావు గారి అనువాదాల పుణ్యమా అని టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ మన ఇళ్ళలో పిల్లల్లా కలిసిపోయారు. 1954లో వచ్చిన ఎన్టీ రామారావు గారి ‘రాజు-పేద’ సినిమాకి మూలం కూడా ఆయన నవలే. ఇంజనీరింగ్‌లో చేరకముందు నుంచే నేను ఆయన అభిమానిని. అయితే ఆయన ఒకప్పుడు మనం ఉంటున్న ఈ దేశానికి వచ్చాడనీ, అదీ అప్పులు తీర్చడానికి వచ్చాడనీ ఇక్కడ స్థిరపడ్డాకే తెలిసింది. ఆ కథ మీతో పంచుకోవాలనిపించింది.

ఆయన అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835 నవంబరు 30న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పుట్టాడు. పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తరవాత అచ్చాఫీసులో పనికి కుదిరాడు. పెద్దయ్యాక మిసిసిపీ నది మీద స్టీమరు నడిపే పైలట్ అయ్యాడు. 1861లో అంతర్యుద్ధం వచ్చి ఆ ఉద్యోగమూ పోయింది. నీటి లోతు రెండు బారలుందని స్టీమరు వాళ్ళు పెట్టే కేకనే తన కలంపేరు చేసుకున్నాడు. రెండు బారలంటే పన్నెండడుగులు, అంటే స్టీమరుకు ప్రమాదం లేని లోతు.

ఆయన జీవితంలో లోతు తెలియకుండా దిగింది మాత్రం ఒక యంత్రం విషయంలో. చిన్నప్పుడు ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చిన మనిషి కదా, ఆ పని యంత్రం చేస్తుందంటే మోజుపడ్డాడు. పెయిజ్ అనే ఆయన తయారుచేస్తున్న కంపోజింగ్ యంత్రంలో ఏళ్ళ తరబడి డబ్బు పోశాడు. దానిలో సుమారు 18 వేల విడిభాగాలు. నడిస్తే అద్భుతం, కానీ నడిచేదే తక్కువ. ఇంకొంచెం మెరుగుపరుద్దామని పెయిజ్ దాన్ని విప్పుతూ బిగిస్తూ ఉండగానే లైనోటైపు వచ్చి మార్కెట్టంతా పట్టేసింది. సాఫ్ట్‌వేరులో ఉన్న మనకి ఇలాంటి ప్రాజెక్టులు తెలియనివా! సుమారు మూడు లక్షల డాలర్లు మట్టిలో కలిశాయి. 1894లో ఆయన ప్రచురణ సంస్థ కూడా దివాలా తీసింది.

ఉన్నదేదో అప్పులవాళ్ళకి అప్పగించి, రూపాయికి ఇంతని ఇచ్చి చేతులు దులుపుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆయనా, భార్య ఒలీవియా ఒప్పుకోలేదు. ప్రతి పైసా తీర్చాలనుకున్నారు. 1895 జూలైలో, అరవయ్యో ఏట, భార్యనీ రెండో కూతురు క్లారానీ వెంటబెట్టుకుని ప్రపంచమంతా తిరిగి ఉపన్యాసాలివ్వడానికి బయల్దేరాడు.

1895 సెప్టెంబరు 16న సిడ్నీలో ఓడ దిగాడు. ఒంటిమీద సెగ్గడ్డ సలుపుతోంది. అయినా సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్, బల్లారాట్, బెండిగో ఊళ్ళలో వేదిక ఎక్కి, తను నవ్వకుండా జనాన్ని నవ్వించాడు. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్తుంటే ఆల్బరీలో రైలు మారాల్సొచ్చింది. రెండు కాలనీల పట్టాల వెడల్పులు వేరు మరి! ఆ తెలివితక్కువతనాన్ని తన పుస్తకంలో బాగానే ఆటపట్టించాడు. ఆ తంటా 1962లో గానీ తీరలేదు.

ఆయన హాస్యం జోకులతో ఆగదు. ఈ నేల అసలు వారసులైన ఆదివాసులకి వలసవాదులు చేసిన అన్యాయాన్ని, విషం పెట్టి చంపిన ఉదంతంతో సహా, వ్యంగ్యంతో కడిగేశాడు. 1896లో బొంబాయి హోటల్లో ఒక తెల్లాయన నౌకరును చెంపమీద కొట్టడం చూసి, తన చిన్ననాటి ఊళ్ళో బానిసలు తిన్న దెబ్బలు గుర్తుచేసుకున్నాడు. బానిసలున్న ఇంట్లో పుట్టి పెరిగి, అది తప్పని తెలుసుకుని, రాసిన మనిషి ఆయన. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

కలకత్తా, కాశీ, డార్జిలింగ్ చూసి, తిరుగు ప్రయాణంలో మద్రాసులో ఒక్కరోజు ఆగి, దక్షిణాఫ్రికా మీదుగా ఇంగ్లాండు చేరాడు. అక్కడ ఆయనకి అందిన కబురు, అమెరికాలో వదిలి వచ్చిన పెద్దకూతురు సూసీ మెనింజైటిస్‌తో చనిపోయిందని. ఆమెకి 24 ఏళ్ళు. పరాయి దేశంలో ఉన్న మనందరం అర్ధరాత్రి ఫోను మోగితే ఏం విని భయపడతామో, ఆయనకి అదే జరిగింది. ఆ దుఃఖంలోనే కూర్చుని యాత్రా గ్రంథం పూర్తిచేశాడు. 1897లో అది అచ్చయింది. 1898 మొదట్లోనే అప్పులన్నీ తీరిపోయాయి.

ఆయన పుట్టిన ఏడు హేలీ తోకచుక్క కనిపించింది. దానితోనే వెళ్తానని చెప్పుకునేవాడు. అది మళ్ళీ వచ్చిన 1910లో, ఏప్రిల్ 21న కన్నుమూశాడు.

సిడ్నీ సర్క్యులర్ కీలో రచయితల పేరిట పరిచిన ఫలకాల్లో ఆయనదీ ఒకటుంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు మీ పిల్లలకి చూపించండి. నవ్వించినందుకే కాదు, చట్టం వదిలేసినా మనస్సాక్షి వదలని బాకీ తీర్చినందుకు కూడా ఆయన గొప్పవాడని చెప్పండి.