దోస్తోయెవ్‌స్కీ దాచని జబ్బు

రష్యా రచయిత ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ 1821లో మాస్కోలో జన్మించారు. 1849లో రాజద్రోహ నేరం మీద ఆయనకు మరణశిక్ష పడింది. కాల్చే చోటికి తీసుకెళ్లి, ఆఖరి నిమిషంలో శిక్ష మార్చి సైబీరియా పంపారు. దారిలో కొందరు స్త్రీలు ఇచ్చిన కొత్త నిబంధన చనిపోయే వరకు ఆయన దగ్గరే ఉంది.

ఆ జైలు కాలంలోనే మూర్ఛలు ముదిరాయి. అవి నరాల బలహీనతేనని వైద్యులు చెబితే నమ్మారు. 1857లో మరియాను పెండ్లాడి తిరిగి వస్తుండగా కొత్త పెళ్లికూతురి కళ్లముందే పడిపోయారు. అది మూర్ఛ రోగమేనని అప్పుడు తేలింది. మూర్ఛ వచ్చిన ప్రతిసారీ రోజుల తరబడి దిగులు, మతిమరుపు ఉండేవి. అయినా కలం వదలలేదు. మరియా మరణించాక చేసుకున్న రెండవ భార్య అన్నా ఆయన చెబుతుంటే రాసిపెట్టి తోడుగా నిలిచింది.

తన జబ్బును ఆయన పుస్తకాల్లోకి తెచ్చారు. 'ఇడియట్' నవలలో పసివాడి మనసున్న మిష్కిన్‌కు మూర్ఛ. 'కరమజోవ్ సోదరులు'లో హంతకుడు స్మెర్ద్యకోవ్‌కూ మూర్ఛే. రోగం మనిషిని పరిశుద్ధుణ్ణీ చేయదు, పాపినీ చేయదు. ఆ బాధ ఎరిగినవాడే ఇలా రాయగలడు.

1878లో ఆయన చిన్న కొడుకు అల్యోషా మూర్ఛతోనే చనిపోయాడు. మూడేళ్లు కూడా నిండలేదు. ఆ దుఃఖంతో ఆయన ఒక మఠానికి వెళ్లి వచ్చారు. తరువాత రాసిన ఆ చివరి నవలలో అందరినీ ప్రేమించే తమ్ముడికి అల్యోషా అనే పేరు పెట్టారు. 1881లో కన్నుమూశారు.

ఆయన కాలంలో సరైన మందు లేదు. నేడు ఉంది. మందులు సరిగా వాడితే నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా బ్రతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా అచ్యుతాపురం మొదలుకొని మన ఊళ్లలో ఇంకా చేతిలో తాళాలు పెడుతున్నాము, దయ్యమంటున్నాము, పెళ్లి సంబంధం చెడుతుందని దాస్తున్నాము. మత్తయి సువార్త 4వ అధ్యాయం దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను వేరువేరుగా పేర్కొంటుంది. మనమెందుకు కలిపేస్తున్నాము?

ఆరాధనలో ఎవరైనా పడిపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెడదాము. నోట్లో ఏమీ పెట్టవద్దు. మూర్ఛ ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేద్దాము. ప్రార్థన చేద్దాము, మాత్రలు మాత్రం మాన్పించవద్దు. తేరుకొని కళ్లు తెరిచినప్పుడు ఆ బిడ్డకు మన ముఖాల్లో భయం కాదు, ప్రేమ కనబడాలి.