గ్రహణి నేర్పిన చదువు - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

అనుభవాన్ని మించిన గురువు లేడని పెద్దలు చెబుతారు. ఆ మాట నిజమేగాని, సగం నిజం. మా అంగలకుదురు పొలాల్లో మినుముకి పల్లాకు తెగులు తగిలి చేనంతా పసుపుబారిపోతే, ఒక రైతు నా ఖర్మ ఇంతే అనుకుని ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకుంటాడు. ఇంకొక రైతు పక్క చేనుకి ఆ తెగులు ఎందుకు రాలేదో గట్టు మీద నిలబడి చూసి, నాలుగు మాటలు అడిగి వస్తాడు. నష్టం ఇద్దరికీ ఒకటే. పాఠం మాత్రం ఒక్కడికే దక్కింది. కష్టం తనంతట తాను ఎవరికీ చదువు చెప్పదు. దాన్ని ప్రశ్నగా మార్చుకున్నవాడికే చెబుతుంది. అలా మార్చుకున్న మన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. బీద కుటుంబం. చదువు రాజమండ్రిలో మొదలైంది. పదమూడేళ్ల వయసులో, కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు వదిలి పారిపోయాడు. తల్లి వెనక్కి పిలిపించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. ఇంటిల్లిపాదీ చావులతో, రోగాలతో సతమతమవుతున్న రోజులవి. కుర్రవాడు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. కొడుకు చదువు కోసం వెంకమ్మగారు మెడలోని బంగారం కూడా అమ్మారని చెబుతారు. పరీక్ష తప్పితే బతుకే తప్పినట్టు దిగులుపడే మనవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా చాలు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సుబ్బారావుకి సన్యాసం మీదకి మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఆ చదువుకి కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసాయం చేశారు. వారి కుమార్తె శేషగిరితోనే 1919లో పెళ్లి జరిగింది. గాంధీగారి పిలుపు విని ఈ విద్యార్థి విదేశీ బట్ట వదిలి ఖద్దరు కట్టాడు. సర్జరీ ప్రొఫెసర్‌గా ఉన్న తెల్లదొరకి అది కంటగింపయింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు, దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగమూ దొరకలేదు.

అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్దిరోజుల తేడాలోనే కన్నుమూశారు. డాక్టర్లు ట్రాపికల్ స్ప్రూ అనీ, మన పెద్దలు గ్రహణి అనీ చెప్పే జబ్బు అది. తిన్న తిండి ఒంటబట్టదు. విరేచనాలతో మనిషి చిక్కి శల్యమైపోతాడు, ఒంట్లో రక్తం ఉండదు. వైద్యం చదివినవాడి ఇంట్లోనే చావులు జరిగాయి, ఆ చదువులో మాత్రం దానికి మందు లేదు. తరవాత అదే జబ్బు సుబ్బారావునీ పట్టుకుంది. ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి మందుతో బతికి బయటపడ్డాడు. వారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు.

ఆ స్థితిలో ఎవరైనా రెండు రకాలుగా ఆలోచిస్తారు. విధిరాత అని ఏడుస్తారు, లేదా నేను బతికాను చాలు అని దండం పెట్టుకుంటారు. సుబ్బారావు మాత్రం, ఈ రోగంలో ఒంటికి ఏది అందక మనిషి పోతున్నాడు అన్న ప్రశ్న పట్టుకున్నాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన సాయంతో ఓడ ఎక్కి 1922 అక్టోబరులో బోస్టన్ చేరాడు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు. రాత్రిళ్లు ఆస్పత్రిలో నౌకరీ చేస్తూ పొట్ట పోసుకున్నాడు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి బయోకెమిస్ట్రీ విద్యార్థులందరికీ తెలిసిందే. కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియేటిన్‌నీ, మనం తరగతిలో జీవకణపు శక్తి నాణెమని చదువుకునే ఎ.టి.పి.నీ వీరిద్దరూ బయటపెట్టారు. జర్మనీలో లోమన్ కూడా 1929లోనే ఎ.టి.పి.ని విడిగా కనుక్కున్నాడు. 1930లో సుబ్బారావుకి పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డు మాత్రం ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకి మారి పరిశోధనలకి నాయకత్వం వహించారు.

అక్కడే పాత ప్రశ్నకి జవాబు దొరికింది. గర్భిణులలో కనిపించే ఒకరకం రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతోందని లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయిలో పరిశోధించి 1931లో చెప్పారు. ఈస్టులోనూ కాలేయంలోనూ ఉన్న ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. అది లేకపోతే ఎముకల మూలుగలో రక్తకణాలు సరిగ్గా ఎదగవు. పేగు దెబ్బతిన్న స్ప్రూ రోగికి అది ఒంటబట్టదు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపింది. పల్లెటూరి ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్న ఫోలిక్ ఆమ్లం అదే.

అదే ప్రయోగశాలలో బెంజమిన్ దుగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త, మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి వ్యవసాయ క్షేత్రంలోని మట్టి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో వెలువడిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఇప్పుడు ట్రాపికల్ స్ప్రూకి చేసే వైద్యం ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, దానితోబాటు టెట్రాసైక్లిన్. అన్నదమ్ములని మింగిన జబ్బుకి కావలసిన రెండు మందులకీ మూలం ఆయన నడిపిన పరిశోధనాలయంలోనే ఉంది!

ఇంకొక మెట్టు కూడా ఉంది. లుకేమియా పిల్లలకి ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇస్తే జబ్బు ఇంకా జోరందుకున్నట్టు బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ గమనించారు. వేరొకరైతే తమ మందు చెడ్డపేరు తెచ్చిందని దాచిపెట్టేవారేమో! సుబ్బారావు బృందం ఆ ఎదురుదెబ్బ నుంచే పాఠం తీసి, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలు చేసి ఇచ్చింది. అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లలలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్‌ని లుకేమియాకీ, కీళ్లవాతానికీ నేటికీ వాడుతున్నారు. బోదకాలుకి 1947లో వచ్చిన హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాలదే. 2004 నుంచి మన ప్రభుత్వం వ్యాధి ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర అదే.

1948 ఆగస్టులో, యాభైమూడేళ్లకే, సుబ్బారావుగారు నిద్రలో గుండెపోటుతో మరణించారు. నోబెల్ బహుమతి రాలేదు. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలాశాఖ స్టాంపు వేసింది.

గొప్పవారి కథ రాస్తూ ఒక సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. ఓడ ఎక్కిన తరవాత ఆయన మళ్లీ స్వదేశం రాలేదు. శేషగిరమ్మగారు భర్తని మళ్లీ చూడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ మందుల వెల ఆమె కూడా చెల్లించింది. ఆమె పేరు లేకుండా ఈ జీవితచరిత్ర పూర్తికాదని నా అభిప్రాయం.

మిత్రులారా! మనలో చాలామంది ఇళ్లలో పొలం తాకట్టు పెట్టో, అమ్మ నగ అమ్మో ఫీజు కట్టినవారున్నారు. పరీక్ష తప్పినవారున్నారు, అయినవాళ్లని పోగొట్టుకున్నవారున్నారు. కన్నీరు వస్తే రానిద్దాం, అది తప్పుకాదు. ఆ కన్నీరు తుడుచుకున్నాక, ఇది ఎందుకు జరిగింది అని ఒక్కసారి అడుగుదాం. సుబ్బారావుగారికి జవాబు దొరకడానికి పాతికేళ్లు పట్టింది. మనకీ ఆలస్యం కావచ్చు. అడగడం మానకపోతే చాలు.